ముందు బ్రేకులో పోసిన నూనె

వ్యాన్ల షెడ్డు నడిచినన్నాళ్లూ అక్కడ బ్రేకులాయన మాటకు తిరుగుండేది కాదు. ఇంజన్ పనివాళ్లు, రంగులు వేసేవాళ్లు, టైర్లు మార్చేవాళ్లు ఎవరి గొడవలో వాళ్లుండేవారు గాని, బండి గేటు దాటాలంటే ఆఖరున ఈయన చెయ్యి పడాల్సిందే. షెడ్డు వెనక ఒక ఏటవాలు దారి ఉండేది. సామాను నింపిన వ్యాన్‌ని దాని మీదికి ఎక్కించి, డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని కిందికి వదిలి, సరిగ్గా గేటు ముందు ఆపేవాడు. "పరిగెత్తించడానికి ఇంజనుంది. ఆపడానికి నేనే దిక్కు" అనేవాడు. కాస్త గొప్పలు ఎక్కువే. అయితే ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆయన చేతి మీదుగా వెళ్లిన బండి ఎక్కడా గుద్దుకున్న పాపాన పోలేదు.

తర్వాత ఏముంది, కంపెనీవాళ్లు కొత్త వ్యాన్లు కొన్నారు. వాటి మంచిచెడ్డలు అమ్మినవాళ్లే చూసుకుంటారట. షెడ్డుకు తాళం పడింది. మిగతావాళ్లు తలో చోటా కుదురుకున్నారు. ఈయన ఎక్కడ చేరినా రెండోరోజుకే పేచీ. వాళ్ల పని ఈయనకు నచ్చదు, ఈయన నోరు వాళ్లకు నచ్చదు. చివరికి పానాల పెట్టె మోసుకుని ఇంటికొచ్చి, దాన్ని మంచం కిందికి తోసి కూర్చున్నాడు. దాని పక్కనే, షెడ్డు మూసేసిన రోజు తెచ్చుకున్న బ్రేకు నూనె డబ్బా, సీలు తియ్యనిది, అదొకటి.

ఇంట్లో పనిలేని మగవాడు ఎంత ప్రమాదమో ఆయన భార్యనడగాలి. ఆమె ముందుగదిలో మిషన్ పెట్టుకుని నలుగురికీ బట్టలు కుడుతుంది. ఒకరోజు ఆమె దారాలు కొనుక్కుని వచ్చేలోగా ఈయన మిషన్ మొత్తం విప్పి, తుడిచి, వ్యాన్ గేరుపెట్టెకు పోసినట్టు నూనె పోసి బిగించేశాడు. మర్నాడు ఎవరిదో తెల్లగౌను నిండా మరకలే.

"ఇంకోసారి నా మిషన్ జోలికొచ్చారంటే మీ చేతులు రెండూ కలిపి కుట్టేస్తా" అందామె.

ఆయన నవ్వేశాడు గాని ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది. ఆ చేతులు తప్ప ఆయన దగ్గర ఇంకేముంది గనక.

ఇక మిగిలింది కూతురి సైకిల్.

అమ్మాయి కళ్లద్దాల దుకాణంలో పని చేస్తుంది. ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్ల అద్దాలను చక్రం మీద అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టడం ఆమె పని. మాట తక్కువ మనిషి. వారమంతా ఆ అద్దాల పొడిలో తల వంచుకుని కూర్చుని, సెలవు రోజున సైకిల్ వేసుకుని కొండల మీద పడేది. రాళ్లు, వేళ్లు, గోతులు, దారే లేనిచోట దారి. కొండ ఎక్కడంలో అందరికంటే వెనకబడేది, దిగడంలో మాత్రం ఆమెను పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు బ్రేకులాయన ఛాతీ రెండింతలైంది. దిగడమంటే బ్రేకులే కదా. నా కూతురు, నా బ్రేకులు అనుకున్నాడు. ఆనాటి నుంచీ సైకిల్ కడగడం, గొలుసుకు నూనె రాయడం, చక్రాల వంకర తీయడం అన్నీ ఆయనవే. కొండ మీద నుంచి బురదకొట్టుకొచ్చిన ఆ సైకిల్‌ని వసారాలో తలకిందులుగా నిలబెట్టుకుని కూర్చుంటే, కాఫీ చల్లారిపోతోందని భార్య కేకలేసినా వినపడేది కాదు.

అలా సాగిపోతే బాగానే ఉండేది. కాని ఆయన చేతికి వ్యాన్లు అలవాటు. ఒకసారి సీటు కింది గొట్టం బిగిస్తూ వ్యాన్ చక్రానికి పెట్టినంత బలం పెట్టాడు. తేలికగా ఉండాలని సన్నగా చేసిన గొట్టం, ఠప్పున పగిలింది. ఆ వారం అమ్మాయి వెళ్లాల్సిన పోటీ తప్పిపోయింది. సైకిల్ షాపతను గొట్టం మారుస్తూ, "నాన్నగారు పనిమంతుడే, కాదనను. కాని ఇది వ్యాన్ కాదు చెల్లెమ్మా. ఇక మీదట బండి మా దగ్గరే వదిలెయ్" అన్నాడు. పక్కనే ఉన్న బ్రేకులాయన వినపడనట్టు గోడ మీద వేలాడుతున్న టైర్లను చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక అమ్మాయే అంది. "నాన్నా, ఈ పెద్ద రేసు వరకూ నువ్వే చూడు. ఆ తర్వాత ఆలోచిద్దాం."

"ఆలోచిద్దామంటే?"

"అంటే ఆలోచిద్దాం."

ఆయనకు అర్థమైంది. ఈ రేసు ఆమెకెంత పరీక్షో తనకీ అంతే. ఇందులో ముందు వచ్చినవాళ్లనే రాష్ట్రం జట్టులోకి తీసుకుంటారు, ముప్పై దాటినవాళ్లను ఇక చూడరు, అమ్మాయికి ఆ ఏటితో ముప్పై నిండుతుంది. అంటే ఆమెకిదే ఆఖరు అవకాశం. బండి సవ్యంగా నడిచిందా, సైకిల్ ఈ వసారాలోనే ఉంటుంది. తేడా వచ్చిందా, షాపుకు పోతుంది. అప్పుడు తనకు మిగిలేది మంచం కింద పానాల పెట్టె, భార్య నోరు. ఆ మనిషి ఎన్ని రోజులు నిద్ర సరిగా పోలేదో ఆయన భార్యకు తెలుసు.

రేసుకు వెళ్లేలోగా ముందు చక్రం బ్రేకులో నూనె మార్చాలని షాపతను ఒక చిన్న సీసా ఇచ్చి పంపాడు. ఆ సైకిల్‌కు తీగల బ్రేకులు కావు. మీట నొక్కితే సన్నని గొట్టంలో నూనె కదిలి, అది వెళ్లి చక్రం దగ్గరి బిళ్లలను నొక్కుతుంది. వ్యాన్లలోనూ అంతే, కాకపోతే అవి పెద్దవి. ఇంకేం, ఈ పని తనకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకున్నాడు. అమ్మాయి పనికెళ్లాక సీసా మూత తీసి చూశాడు. గులాబీ రంగు, నీళ్లలా పలచన. రెండు వేళ్ల మధ్య రాసుకుని చూశాడు. వాసన లేదు, పొగరు లేదు.

"ఇది నూనా, చంటిపిల్లల దగ్గుమందా?" అన్నాడు భార్యతో.

"ఇచ్చినవాళ్లకు తెలీదంటారా?" అందామె, మిషన్ మీద నుంచి తల ఎత్తకుండా.

"వాళ్లకేం తెలుసు. నిండా సామానున్న వ్యాన్‌ని ఆపిన నూనె నా దగ్గరుంది. నా కూతుర్ని ఆపలేదా?"

చూశారా, ఆ ముక్క దగ్గరే కొంప మునిగింది. ఆయన అశ్రద్ధ చేసి ఉంటే తిట్టి ఊరుకోవచ్చు. ఈ మనిషి అశ్రద్ధ చెయ్యలేదు. తన దగ్గరున్నదాంట్లోకెల్లా మంచిది, దాచి దాచి ఉంచుకున్నది, కూతురికని తీశాడు. డబ్బా సీలు విప్పి, పాత నూనె చుక్క లేకుండా దింపి, వ్యాన్ల నూనె పోసి, గాలిబుడగ మిగలకుండా ఓపిగ్గా తీసి బిగించాడు. ఆ గులాబీ రంగు నూనె పారబొయ్యడానికి మనసొప్పక వీధితలుపు బందులకు రాశాడు. ఏళ్ల తరబడి కిర్రుమన్న తలుపు ఆ రోజుతో నోరు మూసుకుంది.

సాయంత్రం అమ్మాయి మీట నొక్కి చూసింది. "గట్టిగా ఉంది నాన్నా. ఇంత బాగా ఎప్పుడూ లేదు" అంది. ఆ రాత్రి ఆయన రెండుసార్లు అడిగి మరీ వడ్డించుకున్నాడు.

రేసు రోజు పొద్దున్నే షాపతని వ్యాన్‌లో బయల్దేరారు. కొండ కింద మైదానమంతా బురద. ముందురోజు వాన పడింది, మంచు ఇంకా విడవలేదు. ఎటు చూసినా సైకిళ్లు, గుడారాలు, ఒళ్లు వేడెక్కించుకుంటూ గుండ్రంగా తిరిగేవాళ్లు. షాపతను తన గుడారం వేసుకుని సామాను సర్దుకుంటున్నాడు. అమ్మాయి నంబరు చీటీ తెచ్చుకోవడానికి వెళ్లింది. బ్రేకులాయన సైకిల్‌ని దించి, నేల మీద పెట్టి, ముందుకు తోశాడు.

ముందు చక్రం తిరగలేదు.

మీట నొక్కాడు. లోపలికి పోయింది, పోయినది అక్కడే ఉండిపోయింది. వేలితో బయటికి లాగితే వచ్చింది, మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. ఆలోచించాల్సిన పనే లేకపోయింది, చేతికే తెలిసిపోయింది. షెడ్డులో ఒకసారి ఒక డ్రైవరు బ్రేకు నూనె తగ్గిందని, దొరికింది కదా అని ఇంజన్ నూనె పోశాడు. లోపలి రబ్బరు ఉబ్బిపోయి బ్రేకులు పట్టేశాయి. రబ్బరుకు పడే నూనె వేరు, పడని నూనె వేరు, ఆ మాత్రం తెలీదా అని ఆ డ్రైవర్ని షెడ్డంతా వినేలా దులిపేసింది ఈయనే. వ్యాన్ రబ్బరుకు వర్తించింది సైకిల్ రబ్బరుకు వర్తించదా? తన నూనె మీద ప్రేమతో ఆ సంగతే తోచలేదు. ఆ డ్రైవరు ముఖం ఇప్పుడు కళ్ల ముందు కదిలింది.

చెప్పొచ్చుగా? అమ్మాయి రాగానే, ఇదీ సంగతి తల్లీ అని చెప్పెయ్యొచ్చుగా? చెప్పలేదు. జేబురుమాలుతో మీట తుడుస్తూ నిలబడ్డాడు, తుడిస్తే బాగవుతుందేమోనన్నట్టు.

అమ్మాయి వచ్చి మీట నొక్కింది. ముఖం మారిపోయింది. "ఏమైంది నాన్నా?"

"ఏమో తల్లీ. చలికి బిగుసుకుందేమో."

ఆమె సైకిల్‌ని ముందు చక్రం పైకెత్తి షాపతని గుడారంలోకి తోసుకెళ్లింది. ఈయన వెనకే వెళ్లాడు. షాపతను మీట మీది మూత విప్పి, వేలు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది నేనిచ్చిన నూనె కాదే. ఎవరు పోశారిది?"

అడిగి, తల తిప్పి బ్రేకులాయన వంక చూశాడు. ఆయన పెదవులు కదిలాయి. 'నేనే' అనాలి, అంతే. అంటే మాత్రం ఈ క్షణంతో సైకిల్ చెయ్యిజారిపోతుంది, అది ఖాయం. చేతిలో పానా ఒకటి ఎందుకో పట్టుకుని ఉన్నాడు, దాన్ని ఇటు నుంచి అటు మార్చుకున్నాడు.

అమ్మాయి, తండ్రి ముఖంలోకి ఒక్కసారి చూసింది. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, "నేనే పోశానన్నా. మీరిచ్చింది ఒలికిపోయింది. బజార్లో దొరికింది తెచ్చి పోశాను" అంది.

"నీకు బుద్ధుందా చెల్లెమ్మా? ఇన్నేళ్లుగా తొక్కుతున్నావు, ఏ నూనె పడుతుందో ఆమాత్రం తెలీదా? వంద రూపాయల సీసా ఒలికితే నన్నడగొచ్చు కదా. రబ్బరు మొత్తం పోయింది. ఇది ఈ పూటకి బాగయ్యేది కాదు. కొండ మీద ఇలా పట్టేసి ఉంటే నీ మెడ విరిగేది, ఎవరేడ్చేవాళ్లు?"

అమ్మాయి నేల చూపులు చూస్తూ అన్నీ పడింది. ఆ తిట్లన్నీ బ్రేకులాయనవి. ఆయన కాళ్ల దగ్గరున్న బురదలో ఎవరిదో బూటు గుర్తు ఉంది, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేడని ఆ క్షణానే తెలుసు. తెలిసి కూడా ఊరుకున్నాడు.

షాపతను తిడుతూనే పనిలో దిగాడు. మంచివాడే పాపం. ముందు బ్రేకు మొత్తం ఊడదీసి, సామాన్లలో ఉన్న పాత తీగ బ్రేకు ఒకటి వెతికి తగిలించడం మొదలెట్టాడు. "పట్టుకోండి బాబాయ్" అంటే ఈయన చక్రం పట్టుకున్నాడు. ఇంకా తీగ బిగించనే లేదు, బయట ఈల వేశారు. ఒక్కసారిగా అన్ని చక్రాలూ బురదలో కదిలిన చప్పుడు, చప్పట్లు, ఆ తర్వాత నిశ్శబ్దం. అమ్మాయి గుడారం గుమ్మంలో నిలబడి, వెళ్లిపోతున్నవాళ్ల వీపులు చూసింది. బిగింపు అయ్యాక ఎక్కి, ఒంటరిగా, వాళ్లు చిమ్మిన బురదలోంచి వెళ్లింది.

రేసు ముగిసేచోట దారి పక్కన తాడు కట్టారు. బ్రేకులాయన ఆ తాడు పట్టుకుని నిలబడ్డాడు. కొండ దిగివచ్చే దారి అక్కణ్నుంచి కొంత కనిపిస్తుంది. ఒక్కొక్కరే వస్తున్నారు. వాళ్లవాళ్లు పరిగెత్తుకెళ్లి కౌగిలించుకుంటున్నారు. అందరూ వచ్చినట్టే అనిపించాక కూడా దారి వంకే చూశాడు. దిగడంలో ఎవరికీ అందని పిల్ల, దాదాపు అందరూ దిగాక, నిదానంగా, ఏటవాలు మరీ ఎక్కువున్నచోట సైకిల్ దిగి నడిపించుకుంటూ వస్తోంది. ఆ తీగ బ్రేకు అంత వాలుకు చాలదు. ప్రాణం మీదికి తెచ్చుకోకుండా దిగాలంటే అలాగే దిగాలి. ఆమె వెనక ఇంకా ఇద్దరు మిగిలారు, అంతే.

ముగింపు గీత దాటి ఆగింది గాని మీట వదల్లేదు.

"వదులు తల్లీ."

"వేళ్లు రావట్లేదు నాన్నా. పట్టేశాయి."

దిగినంతసేపూ ఉన్న బలమంతా పెట్టి నొక్కిందేమో, కుడిచెయ్యి అలాగే ముడుచుకుపోయింది. ఆయన బురద తుడిచి ఒక్కొక్క వేలూ విప్పాడు. చిటికెనవేలు విప్పేటప్పుడు ఆమె పళ్లు బిగబట్టింది. "నీళ్లున్నాయా?" అంది. ఉన్నాయి. తాగింది. జట్టులోకి తీసుకున్నవాళ్ల పేర్లు మైకులో చదువుతుంటే వాళ్లిద్దరూ వ్యాన్ వెనక సైకిల్ ఎక్కిస్తున్నారు. వినాల్సిందేముంది.

ఇంటికొచ్చాక భార్య ఇద్దరి ముఖాలూ చూసింది. ఆమె నోటికి మామూలుగా అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు మాత్రం ఒక్క ముక్క అడగలేదు, స్నానానికి నీళ్లు పెట్టి వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది అనుకున్నాడు బ్రేకులాయన.

సైకిల్ బురదతోనే వసారాలో గోడకు ఆనించి ఉంది. ఆయన దాన్ని కడగలేదు. ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. అమ్మాయి కడగమనలేదు, తనూ కడగలేదు. బురద ఎండి, పెచ్చులు పెచ్చులుగా నేల మీద రాలింది. భార్య ఊడుస్తూ చక్రాల చుట్టూ చీపురు పోనిచ్చేది, సైకిల్‌ని మాత్రం జరిపేది కాదు. అమ్మాయి బస్సెక్కి పనికెళ్లేది, వచ్చేది. వేళ్లు కొన్నాళ్లు వణికాయి, ఎవరివో అద్దాలు పాడయ్యాయని దుకాణం యజమాని మాటన్నాడట, అదీ భార్య ద్వారానే తెలిసింది. నాన్నతో కోపంగా ఏమీ లేదు. టీ ఇస్తే తీసుకుంటుంది, అడిగితే జవాబు చెబుతుంది. ఇంతకు ముందు అడక్కుండానే చెప్పేది, గొలుసు జారుతోంది నాన్నా, వెనక చక్రం ఊగుతోంది నాన్నా అని. ఇప్పుడు అవన్నీ లేవు.

ఒకరోజు ఆయన నిద్ర లేచేసరికి గోడ దగ్గర సైకిల్ లేదు. ఎండిన బురద మాత్రం రెండు చోట్ల కుప్పగా ఉంది. చాలాసేపు అక్కడే నిలబడి, చీపురు తెచ్చి ఊడ్చేశాడు.

సాయంత్రం ఆమె వచ్చిన సంగతి ఆయనకు తెలియలేదు. ఆ తలుపు ఇప్పుడు చప్పుడు చెయ్యదు కదా. తలెత్తేసరికి కూతురు వసారాలో ఉంది, పక్కన సైకిల్ తళతళలాడుతోంది. ముందు బ్రేకు కొత్తది. హ్యాండిల్‌కు షాపువాళ్ల కాగితం దారంతో కట్టి ఉంది. ఆమె ఆ కాగితాన్ని తెంపి జేబులో పెట్టుకుంది గాని, ఆయన చూసేశాడు.

"నాన్నా, వెనక టైరులో గాలి తగ్గినట్టుంది. కాస్త చూస్తావా?"

ఆయన మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలితో నొక్కాడు. టైరు రాయిలా ఉంది. షాపతను గాలి తక్కువతో బండి పంపే రకం కాదు. తలెత్తి చూశాడు. ఆమె గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్లు విప్పుకుంటోంది.

"ఆ రోజు నోరు పెగల్లేదమ్మా. నేనే పోశానని చెప్పాల్సింది. నీ ఆఖరి రేసు పాడు చేశాను. పైగా తిట్లు కూడా నీకే తినిపించాను."

తాళ్లు విప్పుతున్న చెయ్యి ఆగింది. లోపల మిషన్ చప్పుడు కూడా ఆగింది.

"తెలుసు నాన్నా" అంది. బూట్లు గోడ వారకు జరిపి, "ఇక బండి షాపులోనే ఇస్తాను. గాలి మాత్రం నువ్వే చూడు" అంది.

"అలాగే తల్లీ."

ఆమె లోపలికి వెళ్లింది. మిషన్ మళ్లీ మొదలైంది. ఆయన పంపు తెచ్చుకున్నాడు. టైరు మూత తిప్పి, పిన్ను నొక్కి కొంచెం గాలి వదిలేశాడు. తర్వాత పంపు తగిలించి, ఎంత తీశాడో అంతా మళ్లీ కొట్టాడు.